ముప్పై గంటల డ్యూటీ

సంపాదకులకు,

శ్రీకాకుళంలో ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగంలో పీజీ మొదటి సంవత్సరం చేరి నలభై రోజులైంది. మొన్న అర్ధరాత్రి మందస కొండల నుంచి ఒక గర్భిణిని డోలీలో రోడ్డు దాకా మోసి, 108లో తెచ్చారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ మందు ఎక్కుతుండగా గర్భాశయాన్ని రెండు చేతుల మధ్య అదిమి పట్టుకున్నాను. సీనియర్ డాక్టర్ మేడమ్ వచ్చేవరకూ వదల్లేదు. తల్లి బతికింది, తెల్లవారాక బిడ్డకు పాలిచ్చింది.

అప్పటికి నేను నిద్ర లేకుండా ముప్పై గంటలైంది. చేతులు వణికాయి. ఆ వణుకు గంట ముందే మొదలై ఉంటే? ఆ ఆలోచన నన్ను వదలడం లేదు. ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ ఉండరాదని 1992లోనే కేంద్రం రెసిడెంట్ల (మాలా ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే వైద్యుల) కోసం ఆదేశాలిచ్చింది. కొండ దిగి వచ్చే ఆ తల్లుల కోసమైనా వాటిని అమలు చేయాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పీజీ వైద్యురాలు, శ్రీకాకుళం