వార్షిక నివేదిక 2025-26: ఆటస్థలం కింద డ్రైనేజీ, ఇతర పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పెద్దది పిల్లల ఆటస్థలం కింద వేయించిన డ్రైనేజీ. ఖర్చులోనూ అదే పెద్దది, వాదనల్లోనూ అదే. అందుకే ఈ నివేదికలో సింహభాగం దానికే ఇస్తున్నాం.

విజయవాడలో మన వైపు నేల ఎలాంటిదో ఇక్కడ ఇల్లు కట్టుకున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లమట్టి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, రెండు వానలు పడగానే ఉబ్బి ఆ నెర్రెలన్నీ మూసుకుంటాయి. ఇక ఆ తర్వాత పడిన నీళ్లు పడినచోటే ఉంటాయి. దానికి తోడు 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన బుడమేరు వరద గ్రౌండు మీద ఒండ్రు మేట వేసి పోయింది. పై మేట ఎత్తిపోయించినా సన్నటి బురద నేలకు పట్టేసింది. వాన వెలిసి రోజులు గడిచినా ఉయ్యాల కింద నీళ్లు, ఆ నీళ్ల నిండా దోమ పిల్లలు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ డ్రైనేజీ వరదను ఆపేది కాదు. గండి పడి వచ్చే నీళ్ల ముందు మన పైపులు ఏ మూలకూ చాలవు. ఇది మామూలు వానలకు, మహా అయితే తుపాను వానకు. “ఇంత పెట్టినా మళ్లీ బుడమేరు వస్తే?” అని అడిగిన సభ్యులకు మా జవాబు ఇదే.

ఇంకుడు గుంత తవ్విస్తే చవకలో పోతుంది కదా అని చాలామంది అన్నారు. హైదరాబాద్‌లో చుట్టాల అపార్ట్‌మెంట్లో చూసి వచ్చినవాళ్లే ఎక్కువ. అక్కడ అడుగున పగుళ్లున్న రాయి ఉంటుంది, నీళ్లు లోతుకు దిగుతాయి. ఇక్కడ చుట్టూ బంకమట్టి, వానాకాలంలో భూగర్భ జలం ఎటూ పైకే ఉంటుంది. గుంత తవ్వితే అది నిండి కూర్చుంటుంది తప్ప ఇంకదు. కాబట్టి నీళ్లను బయటికి పంపడమే దారి అని కార్యవర్గం తేల్చుకుంది. నగరపాలక సంస్థ అనుమతితో రోడ్డు పక్క వాననీటి కాలువలో కలిపాం.

అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. కాలువ అడుగు మన గ్రౌండు కన్నా ఎంత కిందికి ఉందన్న దాన్ని బట్టే పైపుల లోతూ వాలూ తేలుతాయి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు, మేస్త్రీ చేతికి నీళ్లు పోసిన గొట్టం ఇచ్చి మూలమూలకూ లెవల్ పట్టించారు. తేడా తక్కువే వచ్చింది. 100 అడుగులకు 1 అడుగు వాలు ఉంటే నిశ్చింతగా ఉండేవాళ్లం, 200కి 1 మాత్రమే దొరికింది. పారుతుంది, కానీ ఎక్కడా పైపు కుంగకూడదు.

గ్రౌండు పొడవునా మధ్యలో 160 ఎంఎం పైపు, దానికి అటూ ఇటూ చేప ముల్లులా ఏటవాలుగా 110 ఎంఎం చిల్లుల పైపులు వేశాం. గాడి తవ్వి, నీళ్లను వదిలి మట్టిని ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, కంకర పోసి, పైపు పెట్టి, మళ్లీ కంకర నింపి గుడ్డను పైకి మడిచాం. గుడ్డ ఖర్చు దండగ అన్నవాళ్లున్నారు. అది లేకపోతే మన మట్టి కొన్ని వానాకాలాల్లోనే కంకర సందులన్నీ పూడ్చేస్తుంది.

పనివాళ్లతో రెండు పేచీలు వచ్చాయి. నీళ్లు పైనుంచే కదా పడేది అని పైపుల చిల్లులు ఆకాశం వైపు పెట్టి వేయబోయారు. చిల్లులు కిందికి ఉండాలి. నీళ్లు కంకరలో దిగి, అడుగు నుంచి పైకి లేస్తూ పైపులోకి వస్తాయి. చిల్లులు పైకి ఉంటే నీళ్లు పైపు నిండా లేచేదాకా పారవు, బురద మాత్రం నేరుగా లోపల పడుతుంది. రెండోది, తవ్విన నల్లమట్టినే మళ్లీ గాడి మీద కప్పేస్తామన్నారు. ఒప్పుకోలేదు. అది కప్పితే కింద ఎంత కంకర పోసినా నీటిచుక్క దిగదు. గాడుల మీద పైదాకా ముతక ఇసుకే పోయించాం. ఈ మట్టిలోని తేమను పైపులు పక్కలనుంచి లాగలేవు, పైన పారి వచ్చి గాడిలో పడిన నీళ్లనే పట్టుకుంటాయి. అందుకే నేలను కూడా గాడుల వైపు వాలుగా సరిచేయించాం.

కాలువలో కలిసేచోట ఒక చాంబర్, పైపు చివర ఎదురు నీళ్లకు మూసుకునే మూత ఉన్నాయి. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు రోడ్డు కాలువ నిండి మూత మూసుకుంది. అంతసేపూ గ్రౌండులో నీళ్లు నిలిస్తే గ్రూపులో ఫొటోలు పెట్టి డబ్బు నీళ్లపాలైందన్నారు. కాలువ తగ్గాక మూత తెరుచుకుని ఆ నీళ్లూ పోయాయి. ఆ ఫొటోలు మాత్రం ఎవరూ పెట్టలేదు.

వినాయక చవితి పందిరి కమిటీకి ప్రత్యేకంగా ధన్యవాదాలు. ఈసారి నేలలో గుంజలు పాతకుండా ఇసుక నింపిన డ్రమ్ముల్లో నిలబెట్టారు. పైపులు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో ప్రహరీ గోడ మీద పసుపు రంగు గీతలు వేయించాం. షామియానా వేసేవాళ్లెవరైనా ముందు ఆ గీతలు చూసుకోవాలి, గునపం దింపేముందు కార్యదర్శికి చెప్పాలి.

ఇక మిగతావి. వీధిదీపాలు మార్పించాం, గేటు దగ్గర సీసీ కెమెరా బాగు చేయించాం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలా జరిగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. డ్రైనేజీ ప్రత్యేక చందా బాకీ ఉన్నవారు సమావేశంలోపు కట్టగలరు.

సర్వసభ్య సమావేశంలో రెండు విషయాలు తేల్చాలి. ఏటా మే నెలలో చాంబర్లలో పూడిక తీయించే ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్‌లో కలపాలా, వేరుగా వసూలు చేయాలా అన్నది ఒకటి. రెండోది ఉయ్యాల మూల. అక్కడ వేపచెట్టు వేర్లకు దెబ్బ తగలకూడదని గాడి తవ్వలేదు, అందుకే ఇంకా తడిగానే ఉంటోంది. చెట్టు జోలికి పోకుండా ఉయ్యాలనే ఎత్తుగా ఉన్న తూర్పు వైపుకు మార్చాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. అంచనా కాగితాలు ఆ రోజు సభ్యుల ముందు ఉంచుతాం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున