సెంటున్నర పెరటికి కూడా డ్రిప్పు ఇవ్వండి
వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారమండి.

మాది కోనసీమలో కాలువ చివరి ఊరు, ఉప్పలగుప్తం మండలం. గోదావరి జిల్లా నుంచి నీళ్ల కరువు మీద ఉత్తరమేమిటని మీ ఆఫీసులో ఎవరైనా అనుకోవచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా పక్క కరువన్న మాటే లేదని అందరూ అంటారు. అయితే లాకుల దగ్గర ఉన్నవాళ్ల గోదావరి వేరు, శివారు ఊళ్లలో మా గోదావరి వేరు. రబీలో పైనున్న సీలేరు నది నీళ్లు వస్తేనే డెల్టా గట్టెక్కుతుంది. ఆ నీళ్లు వంతులవారీగా ఇస్తారు, మా వంతు వచ్చేసరికి బోదెలో పాదం తడిస్తే గొప్ప. ఏప్రిల్‌లో కాలువ కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా మాకు పైన ఎండ, కింద ఉప్పు.

ఉప్పు అని ఊరికే అనడం లేదు. మా చేతిపంపు నీళ్లతో పప్పు ఉడకదు. పోటు వచ్చినప్పుడు సముద్రం నీరు మురుగు కాలువల్లోకి ఎగదన్నుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు, వాటి ఊట పక్క చేలలోకి, పెరళ్లలోకి దిగుతుంది. తాగడానికి 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటాం. ఆ రెండు నెలలూ చేలు ఎలాగూ ఖాళీయే. వరి కష్టం గురించి మాట్లాడేవాళ్లున్నారు, 2011లో కోనసీమ రైతులు ఈసారి నాట్లు వేయం, పంట విరామం అంటే దేశమంతా తిరిగి చూసింది. పెరటి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నేను రాస్తున్నది దాని గురించే.

మా ఇళ్లలో కూరంటే పెరడేనండి. పందిరి మీదికి ఆనప పాదు పాకితే వారంలో రెండు పూటలు గడిచిపోతాయి. నాలుగు వంగ మొక్కలు, ఒక వరస బెండ, గోడ వార గోంగూర, తోటకూర మడి. ఇవన్నీ ఆడవాళ్ల చేతి మీద పెరిగేవి, డబ్బు పెట్టి కొననివి. కాలువ కట్టేసిన పదిహేను రోజులకి ఆనప ఆకులు మధ్యాహ్నం వేలాడతాయి, సాయంత్రం లేస్తాయి. ఇంకో వారానికి సాయంత్రం కూడా లేవవు. అప్పటి నుంచి సంతలో ధర అడగడం, వెనక్కి రావడం. పప్పుచారు, ఎండుచేప, ఊరగాయ పచ్చడితో జూన్ దాకా లాగిస్తాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటుంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. మే నెలలో మా వంటింట్లో అందులో పావు వంతు కూడా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు ఇస్తున్నారు, మంచిదే, మా డ్వాక్రా సంఘంలో అందరం వేసుకుంటున్నాం. మాత్రతో పాటు తినడానికి ఇంత ఆకుకూర కూడా ఉండాలి కదండీ.

మా అబ్బాయికి పెనుకొండ దగ్గర ఉద్యోగం. మూడేళ్ల కిందట మే నెలలోనే వెళ్లి పది రోజులున్నాను. ఆ అనంతపురం పక్క ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మాకు దానికి రెట్టింపు పడుతుంది. అలాంటి చోట వాళ్ల ఇంటి యజమానురాలి దొడ్లో బీర తీగ పచ్చగా పందిరెక్కి ఉంది. నాకు నోట మాట రాలేదు. ఇటుకల దిమ్మ మీద ఒక నీలం డ్రమ్ము, దాని కింద చిన్న కుళాయి, అక్కడి నుంచి వరసల వెంబడి నల్ల పైపులు. ప్రతి మొక్క మొదట్లో సన్న గొట్టం, దాని చివర బొట్టు. మోటారు లేదు, కరెంటు లేదు. “మీ గోదావరి పక్క నీళ్లకేం తక్కువమ్మా, దీన్ని ఇంతగా చూస్తావు?” అందావిడ. తక్కువేమిటో చెబితే మొదట నమ్మలేదు.

పొలంలో వేసే డ్రిప్పుకి మోటారు తోసే ఒత్తిడి కావాలి. ఈ పెరటి డ్రిప్పుకి డ్రమ్ము మీటరు ఎత్తున ఉంటే చాలు, నీళ్లు వాటి బరువుకే దిగుతాయి. ఇది కొత్త సంగతేమీ కాదని తర్వాత తెలిసింది. బకెట్టు వేలాడదీసి కూరగాయలు పండించే పద్ధతి ఆఫ్రికా దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో పత్తి రైతులు డ్రిప్పు కొనలేక, పిల్లలు చీకే పెప్సీ ఐసు ప్యాకెట్ల పల్చటి గొట్టం చుట్టలు కొని, వాటికి చిల్లులు పెట్టి చేలకి పరిచారు. మధ్యప్రదేశ్‌లోనే ఝాబువాలో ఆస్పత్రులు పారేసే గ్లూకోజు సీసాలు మొక్కకొకటి కట్టి కూరగాయలు పండించారు. అవసరం ఉన్నవాడు దారి వెతుక్కుంటాడు, ఆ దారిలో సర్కారు ఎక్కడ కలుస్తుందన్నదే మా ప్రశ్న.

ఇంటికొచ్చి నేనూ పెట్టాను. పాత 200 లీటర్ల డ్రమ్ము 700 రూపాయలు. పైపు, సన్న గొట్టాలు, చిన్న జాలీ ఫిల్టరు, అన్నీ కలిపి 1,850 అయ్యింది. పెరట్లో రెండున్నర సెంట్లలో వంద మొక్కలు. అంతకుముందు రోజూ సాయంత్రం పాతిక బిందెలు పోసినా తెల్లారేసరికి నేల బీటలు కనిపించేవి. ఇప్పుడు పన్నెండు బిందెలు, మొక్కకి రెండు లీటర్ల లెక్కన సరిపోతున్నాయి. అవి కూడా అన్నీ మంచినీళ్లు కావు. సగం నూతి నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలుపుతాను, బియ్యం కడిగిన నీళ్లు గుడ్డలో వడకట్టి పోస్తాను. ఉట్టి నూతి నీళ్లయితే మొక్క మాడిపోతుంది.

ఉప్పు ఎక్కడికి పోతుందో నా కళ్లతో చూశాను. బొట్టు పడే చోట నేల నల్లగా తడిగా ఉంటుంది. దానికి జానెడు దూరంలో గుండ్రంగా తెల్లటి గీత కడుతుంది, ముగ్గు వేసినట్టు. వేలితో గీరి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పే. తడి ఆరకుండా ఉన్నంత కాలం ఆ ఉప్పు వేరు దగ్గరికి రాదు, అంచుకే జరిగిపోతుంది. రెండు రోజులు నీళ్లు ఆపితే వెనక్కి వస్తుంది. తొలకరి చినుకు పడినప్పుడు కూడా కుళాయి కట్టేయకూడదు, చిన్న వాన ఆ ఉప్పుని వేరు మీదికి దింపుతుంది. గట్టి వాన పడ్డాక అంతా కడిగేసుకుపోతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, మొదటి ఏడు ఇరవై బెండ మొక్కలు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చెప్పేవాళ్లు ఒక్కరుంటే ఆ ఇరవై మొక్కలూ బతికేవి.

ఇక సబ్సిడీ సంగతి. మన రాష్ట్రంలో 2003 నుంచి సూక్ష్మ సేద్యం పథకం ఉంది, చిన్న, సన్నకారు రైతులకి 90 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. రాయలసీమ తోటలు దానితో నిలబడ్డాయి, అందుకు మాకూ సంతోషమే. మా సంఘం తరఫున నేను ఒక ఆఫీసుకి వెళ్లి పెరటికి ఇస్తారా అని అడిగాను. పాస్ పుస్తకం ఉందా, బోరు ఉందా, ఎన్ని ఎకరాలు అని మూడు ప్రశ్నలు వేశారు. మా ఆయన కౌలు రైతు, పుస్తకం భూమి గలాయన దగ్గర ఉంటుంది. బోరు వేస్తే ఉప్పు నీళ్లు. మా పెరడు రెండున్నర సెంట్లు. “సెంట్లకి డ్రిప్పేమిటమ్మా” అన్నారు. ఆయన తప్పుగా మాట్లాడలేదు, ఆయన దగ్గర ఉన్న ఫారంలో సెంట్లకి గడి లేదు. ఆ గడి పెట్టగలిగేది మీరేనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పేదలకి ఊళ్లలో ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. ఇల్లు కట్టుకోగా పక్కన మిగిలే పట్టీకి 20 లీటర్ల బకెట్టు చాలు, పొద్దునోసారి, సాయంత్రమోసారి నింపితే నలభై లీటర్లతో ముప్పై మొక్కలు బతుకుతాయి. కాస్త పెరడున్నవాళ్లకి డ్రమ్ము. ఈ రెండు సైజుల కిట్లూ సూక్ష్మ సేద్యం పథకంలో చేర్చి, పాస్ పుస్తకం అడగకుండా డ్వాక్రా సంఘం పేరు మీద ఇప్పించండి.

ఉచితంగా మాత్రం వద్దండి. సగం మేం పెట్టుకుంటాం, సంఘం అప్పులో నెలకి వందో రెండొందలో కట్టుకుంటాం. ఉచితంగా పంచితే ఏమవుతుందో మా అబ్బాయి చదివి చెప్పాడు. జింబాబ్వేలో సహాయ సంస్థలు ఇలాంటి కిట్లే వేలల్లో పంచాయట. కొన్నేళ్లు తిరక్కుండా చాలా ఇళ్లలో మూలన పడ్డాయి. నీళ్లు దూరం నుంచి మోయాల్సి రావడం, పాడైతే సామాను దొరక్కపోవడం, మళ్లీ వచ్చి చూసేవాళ్లు లేకపోవడం కారణాలు. ఆ మాట విన్నప్పుడు నాకు మా ఊరే కనిపించింది. పోయినేడు ఉడత పైపు కొరికేసింది. చేతి వేలంత జాయింటు ముక్క కోసం అమలాపురం దాకా బస్సులో వెళ్లొచ్చాను. ముక్క పది రూపాయలు, పోనూ రానూ చార్జీలు దానికి ఎన్నో రెట్లు. ఆ పూట కూలి పోయింది. నాకు పట్టుదల ఉంది కాబట్టి వెళ్లాను, పక్కింటావిడ అయితే పైపు చుట్టేసి అటక మీద పెట్టేసేది. అందుకని కిట్టు కంటే ముందు విడి సామాను గురించి ఆలోచించండి. జాయింట్లు, ఎండ్ క్యాపులు, సన్న గొట్టాలు, ఫిల్టరు జాలీలు మా రైతు సేవా కేంద్రంలో ఒక డబ్బాలో ఉంటే చాలు. ఊరికొక సంఘం మనిషికి రెండు రోజులు నేర్పించండి. వారానికోసారి పైపు చివర మూత తీసి నాచు వదలగొట్టడం, తెల్ల పైపు వేయకుండా నల్లదే వేయడం, నీళ్లు కలిపే పాళ్లు. ఇంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు.

రాష్ట్రమంతా ఒకేసారి ఇమ్మని అడగడం లేదు. ముందు శివారు మండలాల్లో పెట్టి చూడండి. మా ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, ఆ పక్క సఖినేటిపల్లి, ఏరు దాటితే నరసాపురం, మొగల్తూరు. కిట్లు కాలువ కట్టేయకముందే రావాలి. ఫిబ్రవరిలో విత్తనం పెట్టి, మార్చికల్లా పైపు పరిస్తే మొక్క ఎండకి అలవాటు పడుతుంది. మే నెలలో ఇచ్చి ఫొటో దిగితే ఆ ఏడాదికి ఉపయోగం ఉండదు.

మా సంఘంలో పది మందిమి, మిగతా తొమ్మిది మందీ డ్రమ్ములు కొని సిద్ధంగా ఉంచారు, పైపుల కోసమే చూస్తున్నారు. మే నెలలో మీరు ఈ పక్క వస్తే మా ఇంటికి రండి. సాయంత్రం ఐదున్నరకి కుళాయి తిప్పుతాం, ఏడింటికి డ్రమ్ము ఖాళీ అవుతుంది. ఆ తెల్ల గీత కూడా చూపిస్తాను.

ఇట్లు,
ఒక డ్వాక్రా సంఘం సభ్యురాలు,
ఉప్పలగుప్తం మండలం, కోనసీమ