నీళ్ళలో నానిన చేతులు

తణుకు,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్ములుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలి నొప్పి మామూలే, మందు వేసుకోమంటే రేపంటారు.

పండక్కి వచ్చినప్పుడు నేను అరిసెల పళ్ళెం అందిస్తే నువ్వు చున్నీ కింద నుంచి ఒక్క చెయ్యే బయటికి తీశావు. నేను చూడలేదనుకున్నావు. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పగుళ్ళు, ఉంగరం వేలి మొదట్లో పొట్టు. అడిగితే "ఐసీయూలో అందరి చేతులూ ఇంతే అమ్మా" అని కొట్టిపారేశావు. నువ్వు నర్సువి, నాకంటే ఎక్కువ చదువుకున్నదానివి. కానీ పదేళ్ళ కిందట నా చేతులు అచ్చం అలాగే ఉండేవి. అప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

టిఫిన్ హోటల్ పెట్టిన కొత్తలో మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. పప్పు కడగడం, గ్రైండరు కడగడం, అంట్లు తోమడం, బల్లలు తుడవడం అన్నీ నేనే. తెల్లవారుజామున నాలుగింటికి తడిసిన చెయ్యి పదకొండు దాటాకే ఆరేది. చేతులు మండితే చల్లగా ఉంటుందని మళ్ళీ చన్నీళ్ళలోనే పెట్టేదాన్ని. ఎండిపోయిన చర్మానికి తడి తగిలితే మంచిదే కదా అనుకున్నాను.

చర్మం డాక్టరు గారు మందు రాయకముందు ఒక పని చెప్పారు. చెయ్యి తడిసిన ప్రతిసారీ ఒక చింతగింజ గ్లాసులో వెయ్యమన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి లెక్కపెడితే 63! జర్మనీ లాంటి చోట రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉంటే దాన్ని 'తడి పని' అని విడిగా లెక్కగట్టి, పనివాళ్ళ చేతులు కాపాడాలని నిబంధనలు పెట్టారట. గాలి ఆడని గ్లవ్స్ వేసుకున్న సమయం కూడా అప్పట్లో ఆ లెక్కలోకే వచ్చేదట, లోపల చెమటతో చెయ్యి నానుతుంది కాబట్టి. నీ డ్యూటీ ఆ లెక్కలో ఎక్కడ తేలుతుందో చూసుకో.

ఆయన చెప్పింది నాకు మినప్పప్పుతో అర్థమైంది. పప్పు నానితే ఉబ్బుతుంది, పొట్టు వదులవుతుంది. పారబోసే నీళ్ళు తేటగా ఉండవు, పప్పులోది ఏదో వాటిలో దిగిపోయి ఉంటుంది. చర్మం పై పొర కూడా అంతే. అది ఇటుకల గోడలాంటిదని డాక్టర్లు అంటారు. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నంలా సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫ్యాటీ యాసిడ్లు అనే కొవ్వులు. ఇటుకల లోపల అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టేట్ లాంటివి ఉండి తేమను పట్టి ఉంచుతాయి. ఇటుకల లోపలి ఈ పదార్థాలన్నీ నీళ్ళలో కరిగేవే. గంటలకొద్దీ నానితే పొర ఉబ్బి, సందులు వదులై, ఇవి కొట్టుకుపోతాయి. నీళ్ళు ఆరాక ఆ చర్మానికి ముందున్న తేమ కూడా నిలవదు. అరచేతుల్లో నూనె గ్రంథులు అసలే ఉండవు కాబట్టి అక్కడ పోయిన జిడ్డుకు పై నుంచి ఆసరా లేదు. వేణ్ణీళ్ళయితే ఆ కొవ్వు ఇంకా త్వరగా పోతుంది. చర్మం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని కొలిచే అంకె) 5 దగ్గర ఉంటే సబ్బుది 9, 10 ఉంటుంది. మీ హాస్టల్లో బోరు నీళ్ళకు నురగ రాదని సబ్బు రెండింతలు రుద్దుతావు, ఆ సబ్బు జిడ్డు చేతికే అంటుకుని ఉంటుంది.

(నానిన వేళ్ళ మీద వచ్చే ముడతలు మాత్రం వేరే సంగతి. అది నరాల పని. నరం తెగిన వేలు నీళ్ళలో ముడతలు పడదని డాక్టరు గారు చెప్పినప్పుడు నాన్న నమ్మలేదు. నిజమో కాదో నువ్వే చెప్పాలి.)

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తోంది. ఒకసారి దెబ్బతిన్న పొర, వదిలేస్తే, సుమారు సగం ఒక పూటలోనే బాగుచేసుకుంటుంది. మిగతాదానికి రెండు మూడు రోజులు. కానీ మనం వదిలేస్తే కదా! గోడ కట్టేలోపు మళ్ళీ నీళ్ళు కొడతాం. అలా దద్దుర్ల దాకా వచ్చాక మంట తగ్గి, పైకి నున్నగా కనిపించే రోజు ఒకటొస్తుంది. ఆ రోజే నేను మోసపోయాను. పది రోజుల ఆయింట్‌మెంట్‌తో చేతులు తేటపడ్డాయని అన్నీ మానేసి, ఒక పెళ్ళికి రెండు వందల మందికి టిఫిన్లు ఒప్పుకున్నాను. రెండు రోజుల్లో మళ్ళీ మొదటికొచ్చింది, ఈసారి చీము కూడా. తర్వాత మూడు నెలలు గరిటె పట్టలేదు. పైకి మానినట్టున్న చర్మం లోపల ఇంకా కొన్ని వారాలు బలహీనంగానే ఉంటుందట. ఆ స్టెరాయిడ్ ట్యూబు మిగిలిందని నేను మరోసారి సొంతంగా రాసుకున్నాను కూడా, అందుకు తిట్లు తిన్నాను. నువ్వు ఆ పని చెయ్యకు.

శానిటైజర్ మండుతోందని మానేసి ప్రతిసారీ సబ్బే వాడుతున్నానన్నావు. అది తిరగబడిన లెక్క. పగుళ్ళున్నాయి కాబట్టి మండుతోంది, కొత్తగా పగిలేది మాత్రం సబ్బుకే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలో గ్లిసరిన్ 1.45 శాతం కలుపుతారు, చేతుల కోసమే. చేతికి మురికి అంటినప్పుడు, విరేచనాల రోగుల దగ్గర సబ్బు తప్పదు, ఆ సంగతి నాకంటే నీకే తెలుసు. రెండూ ఒకదాని వెంట ఒకటి మాత్రం వద్దు. తుడిచేటప్పుడు రుద్దకు, అద్దుకో. గ్లవ్స్ పొడి చేతికే వేసుకో. ఉంగరం డ్యూటీలో తీసెయ్, తడి దాని కిందే దాక్కుంటుంది.

మీ అమ్మమ్మ నాట్లకు వెళ్ళే రోజుల్లో ఆషాఢం రాగానే కాళ్ళ వేళ్ళ సందుల్లో కూడా గోరింటాకు పెట్టుకునేది, బురదలో కాళ్ళు ఒరిసి పుళ్ళు పడకుండా. ఎంత పనిచేసిందో గానీ, తడిలో దిగబోయే ముందే చర్మం గురించి ఆలోచించింది చూడు, నాకు ఆ తెలివి కూడా లేకపోయింది. నువ్వు ఆ నల్ల గోరింటాకు కోన్ల జోలికి మాత్రం పోకు, పగిలిన చేతులకు ఆ రసాయనాలు అసలే పడవు.

రేపు బస్సులో పార్సిల్ వేస్తున్నా. వేజిలిన్ పెద్ద డబ్బా, తెల్ల నూలు గ్లవ్స్ మూడు జతలు, సున్నుండలు. రాత్రి పడుకునే ముందు చెయ్యి కాస్త తడిగా ఉన్నప్పుడే వేజిలిన్ పట్టించి, పైన నూలు గ్లవ్స్ తొడుక్కో. ఫోన్ నొక్కడానికి కుదరదని రెండో రోజే తీసేస్తావు, నాకు తెలుసు. అందుకే ఒక జతకు బొటనవేళ్ళ కొనలు కత్తిరించి కుట్టాను. నెల రోజులు మానకు. రెండు వారాల్లో తగ్గకపోయినా, చీము కనిపించినా మీ ఆస్పత్రిలోనే చర్మం డాక్టరుకు చూపించు, సిగ్గుపడకు.

పార్సిల్ అడుగున చిన్న పొట్లంలో చింతగింజలున్నాయి. పారెయ్యకు. ఒక డ్యూటీ రోజు జేబులో వేసుకుని లెక్క కట్టి, సాయంత్రం ఫోన్ చెయ్యి. నాన్న వందంటున్నారు, నేను ఎనభై అంటున్నాను.

ప్రేమతో,
అమ్మ