మిద్దెతోట సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసింది కమ్యూనిటీ హాలు మిద్దె మీద పెద్దల కోసం పెట్టిన ఆకుకూరల మడులు. దిగులు, ఒంటరితనం, నిద్రలేమి ఉన్నవారికి మొదట టమాటా, గులాబీ ఇవ్వొద్దని కార్యవర్గం తీర్మానించింది. విత్తు నుంచి పండు దాకా మూడు నెలలు కాచుకునే ఓపిక ఆ స్థితిలో ఉండదు. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది, మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. మొలక వచ్చిందో లేదో చూడాలన్న ఆత్రమే పొద్దున్నే మంచం దింపుతుంది. నీళ్లు వాటంతటవే బొట్టుబొట్టుగా పడే డ్రిప్ గొట్టాలు ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. పెడితే మిద్దెక్కే పనే ఉండదు కదా!

నెదర్లాండ్స్‌లో జరిపి 2011లో అచ్చు వేసిన ఒక పరిశోధనలో, ఒత్తిడి కలిగించే పని చేయించాక కొందరితో అరగంట తోటపని, కొందరితో పుస్తక పఠనం చేయించారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గినా తోటపని చేసినవారిలో ఎక్కువ తగ్గింది. మనమూ పూటకు అరగంటే పెట్టుకున్నాం.

నడుము వంచే పని లేకుండా స్టాండ్లు రెండున్నర అడుగుల ఎత్తు, మడి లోతు 8 అంగుళాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒకటి, కడిగిన కొబ్బరిపొట్టు ఒకటి, మడికి రెండు గుప్పెళ్ల వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి. తడిమట్టి బరువు తక్కువేం కాదు, స్టాండ్లను దూలాల వెంటే నిలపాలి.

జూలైలో రెండు మడుల్లో మొలకలు కాండం మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయాయి. అది నారుకుళ్లు తెగులు. విత్తనం ఒత్తుగా పడింది, పైగా ఒకే మడికి ముగ్గురు ప్రేమగా నీళ్లు పోశారు. వేలు అంగుళం లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. మనసు బాగోలేనివారు చచ్చిన మొక్కను తమ తప్పు కింద జమ వేసుకుంటారు. అందుకే ఇప్పుడు ఒకటి పోయినా ఇంకొకటి నిలిచేలా, పది రోజుల ఎడంతో రెండు మడుల్లో చల్లిస్తున్నాం. తోటపని వంకతో ఎవరూ మందులు ఆపకూడదు. మాట్లాడే తోడు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 మిద్దె తలుపు మీద రాసి ఉంది.

మే ఎండల్లో నీళ్ల వంతుకు పేర్లిచ్చినవారిలో సగం మంది మెట్లెక్కలేదు. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తితే మడి తడవదు. పార్కు కుళాయి కోసం ఇచ్చిన అర్జీ మూడుసార్లు తిరిగినా ఏ బల్ల మీదుందో తెలియలేదు.

స్టాండ్లు వెల్డింగ్ చేసి కూలి తీసుకోని సభ్యుడికి, విత్తనాలు దాచి ఇచ్చిన అమ్మలకు, మట్టి మోసిన కుర్రాళ్లకు, హాలు తాళం అడిగినప్పుడల్లా తెచ్చిచ్చిన వాచ్‌మన్‌కు కృతజ్ఞతలు. లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి. ఖర్చులో ఎక్కువ ఇనుముకీ మట్టికీ పోయింది, మిగులు స్వల్పం.

వచ్చే వేసవి వంతుల పట్టిక ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం. పేరు పక్కన వారం, పూట రాసి సంతకం చేయండి.

కార్యదర్శి