మా లీటరు సీసాలో 40 మిల్లీలీటర్లు తక్కువ పోశాం

మా గానుగ నూనె వాడే అందరికీ నమస్కారం.

ఉగాది తర్వాత మా అనంతపురం అంగడిలో లీటరు చెనక్కాయ నూనె సీసా కొన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఆ సీసాల్లో లీటరు లేదు, 960 మిల్లీలీటర్లే ఉంది. నూనె మంచిదే, కల్తీ ఏమీ లేదు. కొలత తప్పింది. తప్పు మాది.

ఎప్పుడూ సీసాలు ఇచ్చే ఆయన మానేస్తే వేరేచోట 600 తెప్పించాం. పాత సీసాలకు మెడ కింద ఒక గీత ఉండేది, అక్కడిదాకా పోస్తే లీటరు. కొత్తవాటికీ గీత ఉంది కదా అని దాన్నే నమ్మి పోసుకుంటూ పోయాం. ఒక్కదాన్నైనా కాటా మీద పెట్టలేదు. సీసాల వాళ్లను తిట్టుకున్నాను గానీ, లేబుల్ మీద ఉన్నది మా పేరు.

412 సీసాలు అమ్ముడయ్యాక పాతూరు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఖాళీ సీసాతో వచ్చారు. "ఏమప్పా, నీ లీటరు తూస్తే 874 గ్రాములే తూగింది" అన్నారు.

"నూనె నీళ్లకన్నా తేలిక సార్, లీటరంటే కేజీ రాదు" అన్నాను. అది నిజమే.

"కేజీ రాదు, తెలుసు. ఎంత రావాలో చెప్పు."

తెలిస్తే కదా చెప్పడానికి! ఇన్నేళ్లుగా నూనె అమ్ముతూ ఆ లెక్క ఎప్పుడూ చూసుకోలేదు. పక్కన ఇద్దరు కస్టమర్లు వింటున్నారని ఎండ మీదకు తోశాను. "ఈ ఎండలకు నూనె పొంగుతుంది సార్, అందుకే బరువు తగ్గుతుంది" అన్నాను. ఆయన ఏమీ అనకుండా బిల్లు తీసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వరుసను వేలితో చూపించి, "ఇది కూడా చెల్లదు" అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది, దాచుకోవడం ఎందుకు.

ఆ రాత్రి షట్టర్ దించి తూచాం. 30 డిగ్రీల వేడిలో లీటరు చెనక్కాయ నూనె దాదాపు 910 గ్రాములు ఉండాలి. మన మే నెల ఎండ, 42 డిగ్రీలు అనుకున్నా తగ్గేది ఎనిమిది గ్రాముల లోపే. మా సీసాలో తక్కువైంది 36. లీటరు ప్యాకింగ్‌లో పొరపాటు కింద చట్టం ఒప్పుకునే తేడా 15 మిల్లీలీటర్లు. మాది 40. ఎండ సాకు పెద్ద కంపెనీలకూ ఉండేదట. కొన్ని 60 డిగ్రీల దగ్గర కొలత చూపించి లేబుల్ వేసేవి. అంత వేడిలో లీటరు 890 గ్రాముల చుట్టుపక్కలే తూగుతుంది. వేడి సంగతి రాయకుండా బరువు, కొలత రెండూ సరిగ్గా వేయమని 2022లో కేంద్రం చెప్పింది.

నాకు కోపం రావడంలో ఇంకో సిగ్గుమాలిన సంగతి ఉంది. మూడేళ్ల కిందట గానుగకు కొత్త మోటారు కొన్నాను. నెల తిరక్కుండా కాలిపోయింది. వేరే రాష్ట్రం కంపెనీ అది. "మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కిందకు రారు" అని ఫోన్ పెట్టేశారు. తెలిసిన వకీలు చెబితే తెలిసింది, సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న యంత్రమైతే మనమూ వినియోగదారులమే. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నప్పుడు చాలాసార్లు అవతలివాళ్ల ఊరికి వెళ్లి కేసు వేయాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో మన ఊళ్లోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. వేశాను. వాయిదా రాకముందే వాళ్లే కొత్త మోటారు పంపారు. అప్పుడు ఆ చట్టాన్ని పదిమందికి పొగిడాను. అదే చట్టం ఖాళీ సీసా పట్టుకుని నా గల్లాపెట్టె ముందుకొస్తే మాత్రం గిట్టలేదు.

మర్నాడు మాస్టారింటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. కాఫీ ఇచ్చారు, దాంతోపాటు క్లాసూ పీకారు. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ అక్కడి పార్లమెంటుకు వినియోగదారుల హక్కుల గురించి సందేశం పంపడం, అందుకే ఆ రోజును ప్రపంచమంతా జరుపుకోవడం, అన్నీ చెప్పారు. నాకు బాగా పట్టింది మాత్రం బొంబాయి ఆడవాళ్ల కథ. 1972-73లో నూనె, చక్కెర ధరలు మండిపోతుంటే మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ లాంటి నాయకురాళ్ల వెంట వేలమంది అప్పడాల కర్రలు పట్టుకుని రోడ్డెక్కారు. మన దగ్గర అప్పట్లో కొసరు అడిగేవాళ్లు. మా తాత సేరు కొలిచి పైన ఒక గరిటె పోసేవాడు, అది ఆయన మంచితనం అనుకునేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే, కొలత మీద జనానికి నమ్మకం లేకే కొసరు పుట్టిందేమో అనిపిస్తోంది.

ఇక చేస్తున్నది చెబుతాను. సీసా ధర 340, మీకు రావాల్సింది 13 రూపాయల 60 పైసలు. 20 రూపాయలు గానీ, 50 మిల్లీలీటర్ల నూనె గానీ, మీ ఇష్టం. బిల్లు పోయినా, సీసా పారేసినా ఫరవాలేదు. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చినవాళ్లకు మేమే ఫోన్ చేస్తున్నాం. మిగిలిన 188 సీసాలు మళ్లీ తూచి నింపి, లేబుల్ మీద 910 గ్రాములు అని కూడా వేశాం. బిల్లు మీద ఆ వాపసు వరుస తీసేశాం. బాగాలేని సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడమే ఇప్పుడు చట్టం ప్రకారం తప్పు. నోరు తెరిచి అడిగితేనే బిల్లు ఇచ్చే అలవాటు కూడా మానేశాం, అందరికీ ఇస్తున్నాం. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా ఇకమీదట కౌంటరు బయటవైపు, మీకు అంకెలు కనిపించేలా ఉంటుంది. మేం వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపెట్టొద్దు. ఇంటి నుంచి డబ్బా తెస్తాం, లూజుగా పోయమని అడుగుతున్నారు. ప్యాకింగ్, లేబుల్ లేకుండా వంటనూనె అమ్మకూడదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. ఎవరు పోసిన నూనో తెలియాలంటే సీసా మీద పేరుండాలి.

మాస్టారు మొన్న మళ్లీ వచ్చారు. 20 రూపాయలు వద్దని నూనె పోయించుకున్నారు. తర్వాత షెల్ఫులో నుంచి తనే నాలుగు సీసాలు ఎంచి కాటా మీద పెట్టించారు. ఖాళీ సీసా బరువు తీసేస్తే మూడు 910, ఒకటి 904. "ఇదేంటి?" అన్నారు. ఏడు మిల్లీలీటర్ల తేడా సార్, పదిహేను లోపే అన్నాను. జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకుని, ఆ 904 సీసానే కొనుక్కుని వెళ్లారు.