ఆదివారం సంతకాలున్న ఫోటోలు తెచ్చుకోండి

అందరికీ నమస్కారం అండీ. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు బాలాజీ కాలనీలో మా ఇంటి మేడ మీద కలుద్దాం, మీ దగ్గరున్న వాగ్గేయకారుల, పాశ్చాత్య స్వరకర్తల సంతకాలున్న ఫోటోలు తీసుకురండి.

బాలమురళీకృష్ణ గారి సంతకం ఉన్నవాళ్లు మర్చిపోవద్దు, ఆయన 2016లో వెళ్లిపోయారు, ఇక కొత్తవి రావు కదా. పుచ్చీని, సిబేలియస్ లాంటి పాశ్చాత్య స్వరకర్తలవి కొనే ముందు మాత్రం ఆగండి, అచ్చు వేసిన సంతకం భూతద్దంలో చాలాసార్లు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, అసలు ఇంకు అయితే గీత మీద గీత పడ్డచోట కాస్త ముదురుగా ఉంటుంది. మంచి లెన్స్ నా దగ్గర ఉంది.

లామినేషన్ చేయించకండి, దయచేసి! నేనొకటి అలాగే పోగొట్టుకున్నా, ప్లాస్టిక్ తీయబోతే సంతకం దాంతోపాటే ఊడొచ్చింది, ఇప్పటికీ బాధే.

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడే పేరు పెట్టండి, కాఫీ లెక్క చూసుకోవాలి.