ఆపరేషన్‌తో మగతనం పోతుందా?

సంపాదకులకు,

రెండో పాప పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ నేను చేయించుకుంటానంటే అడ్డుపడింది మా అమ్మే. ‘మగాడివి, రేపు బరువులెత్తలేవు. కోడలికి చేయిద్దాం’ అంది. మా ఇంట్లో నీళ్ల బిందెలు మోసేది ఆ కోడలే మరి! టీ కొట్టు దగ్గర స్నేహితులైతే ‘అయిపోయావురా’ అని ఒకటే నవ్వు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 37.9 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్న జంటలు 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న వివాహిత మహిళలు 70 శాతానికి దగ్గర. నిజానికి ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీకి పొట్టకు కోత పెట్టాలి. మగవాళ్లకు చేసే కోత లేని వేసెక్టమీకి చిన్న రంధ్రం చాలు. మత్తు కూడా అక్కడి వరకే. అరగంటలో అయిపోయింది, అదే రోజు ఇంటికొచ్చాను. కట్ చేసేది వీర్యనాళాన్ని, హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. మూడు నెలలు మాత్రం గర్భం రాకుండా వేరే జాగ్రత్త తీసుకుని, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి.

1975-77 ఎమర్జెన్సీలో బలవంతంగా చేసిన ఆపరేషన్ల భయం పెద్దవాళ్లలో ఇంకా ఉందేమో, అది అర్థం చేసుకోగలను. టీ కొట్టు నవ్వులే అర్థం కావు.

మా ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్త నేను పక్కనే కూర్చున్నా మా ఆవిడతోనే మాట్లాడి లేవబోయింది. ‘మేడమ్, నాకూ చెప్పండి’ అంటే ఆశ్చర్యపోయింది. ఇంట్లో మగవాళ్లుండే సాయంత్రం వేళల్లో కూడా వీరిని పంపాలని వైద్యశాఖను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, ఏలూరు